కెన్యాకు పోతున్నారా? పది రోజుల లెక్క ముందు చూసుకోండి

కెన్యాకు టికెట్ కొన్నాక అందరూ ముందు వీసా గురించి ఆరా తీస్తారు. ముందు చూడాల్సింది క్యాలెండర్. కాగితాల పని నాలుగు రోజుల్లో తెములుతుంది. దోమ వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ అనే జ్వరానికి టీకా వేయించుకున్నాక మాత్రం పది రోజులు ఆగాల్సిందే. అందులో ఒక్క రోజు కూడా పైరవీతో తగ్గదు.

టీకా వేశారని ఇచ్చే కార్డు అక్కడికి పోవడానికి అనుకుంటారు చాలామంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి వచ్చేవాళ్లనే కెన్యా ఈ కార్డు అడుగుతుంది, ఆ దేశాల్లో మనది లేదు. గట్టిగా అడిగేది మనవాళ్లే, తిరిగొచ్చేటప్పుడు. కెన్యా వదిలిన ఆరు రోజుల లోపు కార్డు లేకుండా శంషాబాద్‌లో దిగితే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆఫీసర్లకు ఉంది. ఆ వైరస్ మన దేశంలో లేదు కానీ దాన్ని మోసే ఏడిస్ దోమ మన ప్రతి కూలర్ తొట్టిలో ఉంది. ఒక్క రోగి చాలు. ఆ భయంతోనే ఇంత పట్టుదల. ఇక్కడ బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్‌లో కూడా కార్డు అడగవచ్చు కాబట్టి పోయేటప్పుడే చేతిలో ఉండాలి. వేరే దేశానికి పోతూ ఇథియోపియాలోని అడిస్ అబాబాలో విమానం మారినా ఇదే రూలు. ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి పోలేదని హెల్త్ ఆఫీసర్ ఒప్పుకుంటేనే మినహాయింపు.

టీకా ఊర్లో ప్రైవేటు క్లినిక్‌లో వేయించుకుంటే చెల్లదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. మనకు దగ్గరిది హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. పాలమూరు నుంచి రైల్లో వస్తే కాచిగూడలో దిగి ఆటో ఎక్కొచ్చు. నల్లగొండ బస్సులో వచ్చేవాళ్లు ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో లైను మారితే నారాయణగూడ స్టేషన్లోనే దిగొచ్చు. పోయే ముందు ఏ రోజు వేస్తున్నారో కనుక్కోండి. ఒక సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, తెరిచాక ఆరు గంటల్లో వాడెయ్యాలి. అందుకే ఇద్దరు ముగ్గురి కోసం సీసా తెరవరు. ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకుపోండి. పరగడుపున పోవద్దు, తినే పోండి. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి.

కార్డు చేతికి రాగానే కౌంటర్ దగ్గరే చదవండి. పాస్‌పోర్ట్ నంబర్, పేరు స్పెల్లింగ్, టీకా తేదీ, బ్యాచ్ నంబర్, డాక్టర్ సంతకం, కేంద్రం ముద్ర అన్నీ ఉండాలి. ఒక్క అంకె తప్పు పడితే ఇంటికొచ్చి పెన్నుతో దిద్దుకోకండి. దిద్దిన కార్డును తిరస్కరించవచ్చు, అక్కడే కొత్తది రాయించుకోండి. ఒకటో తారీఖున వేయించుకుంటే పదకొండు నుంచి చెల్లుతుంది. 2016 జులై నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది కాబట్టి పాత కార్డు ఉన్నవాళ్లు మళ్లీ వేయించుకోవద్దు. పాస్‌పోర్ట్ మారి ఉంటే పాతది కూడా వెంట పెట్టుకోండి.

ఇది బతికున్న వైరస్‌తో, కోడిగుడ్లలో పెంచి చేసే టీకా. గుడ్డు తింటే ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లు, గర్భిణులు, క్యాన్సర్ మందులు లేదా ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడేవాళ్లు, తొమ్మిది నెలల లోపు పిల్లలు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. కొడుకు నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడని చూడబోయే అమ్మానాన్నలకు అరవై దాటి ఉంటే, మొదటిసారి వేయించుకునేటప్పుడు తీవ్రమైన రియాక్షన్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. ఈ సంగతి టికెట్ కొనక ముందే తేల్చుకోవాలి, ఎయిర్‌పోర్ట్‌లో కాదు.

ఇక కాగితాలు. 2024 జనవరి నుంచి కెన్యాకు వీసా లేదు, దాని బదులు ఈటీఏ అనే ముందస్తు అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఫీజు 30 డాలర్ల పైచిలుకు. కనీసం మూడు రోజుల ముందు అప్లై చేయమంటారు, వారం ముందు చేస్తే నిశ్చింత. పాస్‌పోర్ట్‌కు ఆరు నెలల గడువు, ఖాళీ పేజీ ఉండాలి. ఫొటో, రానుపోను టికెట్, హోటల్ బుకింగ్ లేదా ఉండబోయే ఇంటి వివరాలు సిద్ధం పెట్టుకోండి. వెబ్‌సైట్ పేరు చివర 'జీఓ డాట్ కేఈ' ఉంటేనే అది వాళ్ల ప్రభుత్వానిది. అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు ఎక్కువ డబ్బు గుంజుతాయి. మనకు చిక్కు పేరు దగ్గరే వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా. ఈటీఏ, టికెట్, టీకా కార్డు మూడింటిలోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్ట్ గడువు తక్కువగా ఉంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రాల్లోనే రెన్యువల్‌కు ఇచ్చుకోవచ్చు. టీకాకు పోయేలోపే ఆ పని ముగించుకుంటే కార్డు మీద కొత్త నంబరే పడుతుంది.

సంచి సర్దేటప్పుడు కవర్ల సంగతి మరవొద్దు. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, చట్టంలో భారీ జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. చెప్పుల మీద చుట్టిన కవరు, స్వీట్‌షాపు కవరు, మెడికల్ షాపు కవరు అన్నీ తీసేసి గుడ్డ సంచుల్లోకి మార్చండి. సకినాలు స్టీలు డబ్బాలో పెట్టండి. పచ్చడి సీసా చెక్-ఇన్ లగేజీలోనే పోవాలి. మామిడి పండ్లు, విత్తనాలు, మొక్కలు వద్దు. దుబాయ్ మీదుగా పోతుంటే గసగసాలు అసలే వద్దు, కలిపిన మసాలా పొడి కూడా. అక్కడ అవి మత్తు పదార్థం కింద లెక్క. డాలర్ నోట్లు కొత్తవి, మడత పడనివి అడిగి తీసుకోండి. 2009 కంటే ముందు అచ్చయినవి అక్కడ చాలాచోట్ల పుచ్చుకోరు. ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, అడాప్టర్ ఇక్కడే కొనండి.

మే నెల పాలమూరు ఎండ చూసినవాళ్లకు అక్కడి ఎండ లెక్కేం కాదు. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది, జూన్ నుంచి ఆగస్టు వరకు రాత్రుళ్లు స్వెటర్ కావాలి. మోసం చేసేది ఎండ కాదు, దోమ. నైరోబీలో మలేరియా తక్కువే కానీ మొంబాసా తీరం, విక్టోరియా సరస్సు చుట్టుపక్కల బాగా ఉంది. అది ఎక్కువగా ఫాల్సిపారం రకం. దానికి మన దగ్గర అలవాటైన క్లోరోక్విన్ పని చెయ్యదు.

మలేరియా రాకుండా డాక్టర్ డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి రాస్తే లెక్క ఇలా ఉంటుంది. పోయే ముందు రెండు రోజులు, అక్కడ రెండు వారాలు ఉంటే ఆ పద్నాలుగు రోజులు, వచ్చాక ఇరవై ఎనిమిది రోజులు, మొత్తం 44 మాత్రలు. వచ్చేశాం కదా అని ఆపేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. క్రిమి కొన్నాళ్లు కాలేయంలో దాక్కుని ఆ తర్వాత రక్తంలోకి వస్తుంది, ఈ మందు దాన్ని రక్తంలోనే పడుతుంది. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. వేసుకుని వెంటనే పడుకుంటే మాత్ర గొంతులో అంటుకుని పుండు చేస్తుంది. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది కూడా. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇది పనికిరాదు. అటోవాక్వోన్–ప్రొగ్వానిల్ అనే ఇంకో మాత్ర అయితే వచ్చాక ఏడు రోజులు చాలు, అంటే 23 రోజుల మందు, ధర మాత్రం ఎక్కువ.

మాత్ర ఉంది కదా అని దోమతెర మానొద్దు. తెరను దీపం వెలుగుకు ఎత్తి చిల్లులు చూడండి, అంచులు పరుపు కిందికి దోపండి. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా మలేరియా దోమ తిరుగుతుంది. దోమలను తరిమే డీట్ అనే మందు 20 నుంచి 30 శాతం ఉన్న క్రీము కొనండి. సన్‌స్క్రీన్ రాస్తే అది ముందు, ఇది పైన. సఫారీకి నీలం, నలుపు బట్టలు వద్దు, వాటికి రక్తం పీల్చే సెట్సీ ఈగ మూగుతుంది. మన చెరువులో ఈదినట్టు విక్టోరియా సరస్సులో దిగొద్దు. నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా పురుగు చర్మంలోంచే లోపలికి పోతుంది, దూరినట్టు కూడా తెలియకపోవచ్చు.

సీలున్న నీళ్లే తాగండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్. లేకపోతే లీటరుకు తలగొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడవ్వొచ్చు. డాక్టర్ చీటీ, మందుల అసలు స్ట్రిప్పులు పక్కనే ఉండాలి. నైరోబీ రోడ్డు మీద ఫోన్ చేతిలో పట్టుకుని నడవొద్దు, లాక్కుపోతారు.

తిరిగొచ్చాక మూడు నెలల లోపు జ్వరం వస్తే ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటూ, టైఫాయిడ్ అనుకుంటూ మూడు రోజులు పోగొట్టుకోవద్దు. ఫాల్సిపారం ఆ మూడు రోజుల్లో మెదడుకు ఎక్కవచ్చు. అదే రోజు మహబూబ్‌నగర్ లేదా నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి పోయి మలేరియా రక్త పరీక్ష అడగండి. మొదటిసారి లేదని వచ్చినా నమ్మి కూర్చోవద్దు, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తేడాతో ఇంకో రెండుసార్లు చేయించాలి. ఓపీ చీటీ మీద మొదటి లైనులోనే 'కెన్యా నుంచి వచ్చారు' అని, వచ్చిన తేదీతో సహా రాయించండి.