ట్రోమ్సోలో అరోరా (రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు) కోసం రాత్రి బయల్దేరే ముందు

నార్వేలోని ట్రోమ్సోలో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు పైకి రాడు. అలాగని రోజంతా చిమ్మచీకటి అనుకోకండి. మధ్యాహ్నం కొన్ని గంటలు మంచు కొండల మీద నీలి వెలుగు ఉంటుంది. మంచు మీద నడక అలవాటు చేసుకోవడానికి అదే మంచి టైం.

- ముందు మబ్బులు చూసుకోండి. అరోరా దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తున ఆడుతుంది, మబ్బు పడితే ఏమీ కనిపించదు.
- ఒంటికి తగిలేవి ఉన్నివే వేసుకోండి. కాటన్‌లో చెమట ఆరదు, ఆ తడే వణికిస్తుంది. మన మంకీ క్యాప్ నిక్షేపంగా పనికొస్తుంది.
- బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. బిగుతైతే వేళ్లకు రక్తం సరిగా ఆడదు. మంచు మీద జారకుండా బూట్ల కింద తగిలించే ఇనుప ముళ్ల పట్టీలు మరవద్దు.
- ఫోన్, అదనపు బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటి వేడికి. చలికి ఛార్జింగ్ చూస్తుండగానే పడిపోతుంది.
- కెమెరాను గదిలోకి తెచ్చేముందు బయటే జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. లేదంటే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు లెన్సుకు చెమ్మ పడుతుంది. ఫొటోలు వెంటనే చూడాలంటే కార్డు ముందే తీసుకోండి.
- కారు రోడ్డు మీద ఆపకండి. చీకట్లో బండ్లవాళ్లకు కనిపించేలా ఒంటికి రిఫ్లెక్టర్ కట్టుకోండి. అంబులెన్స్ 113, పోలీసు 112.

అరోరా మొదట బూడిదరంగు పొగలా ఉంటుంది. మబ్బనుకుని వెనక్కి తిరగొద్దు, ఒక ఫొటో తీసి చూడండి. ఆకుపచ్చగా వస్తే అదే.