నా ఫొటోలు చూశారు, కొనలేదు

మొదటిసారి ఓ పరుగు పందెంలో 900 ఫొటోలు తీశాను. వారం కూర్చుని ఎడిట్ చేసి, ఫుల్ సైజులోనే లింక్ పంపేశాను. అందరూ దించుకున్నారు, కొన్నది ఇద్దరే! తప్పు వాళ్లది కాదులెండి.

తర్వాతి ఈవెంట్‌కి నా రోజు, ఎడిటింగ్ గంటలు లెక్కగట్టి నిర్వాహకుల దగ్గర ముందే ఫీజు మాట్లాడుకున్నాను. ఆ రాత్రే మంచివి ఏరి, మొహాల మీదుగా వాటర్‌మార్క్ (ఫొటో మీద లేతగా కనిపించే గుర్తు) వేసి, 800 పిక్సెల్స్‌కి కుదించి ఆన్‌లైన్‌లో పెట్టాను. 8×12 అంగుళాల మంచి ప్రింటుకి 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు) 2400×3600 పిక్సెల్స్ కావాలి, కాబట్టి ఆ కాపీలు దించుకున్నా పనికిరావు. అక్కడ చొక్కా మీది పందెం నంబరు కొడితే ఎవరి ఫొటోలు వాళ్లకి కనిపిస్తాయి. అసలు కిటుకు ఇదే. ఒకరి ఫొటోలన్నీ కలిపి మూడింటి ధరకే ఇస్తానన్నాను. చాలామంది సెట్టే తీసుకున్నారు.

మొహం చిట్లించి గీత దాటిన ఫొటోలు మాత్రం ఇప్పటికీ ఎవరూ విడిగా కొనరు.