ఎయిర్‌ఫైబర్ సతాయిస్తోందా? తప్పు గాలిదా, వైఫైదా, వైరుదా?

బెంగళూరు మారతహళ్ళిలో మా వీధి మలుపు దగ్గర ఒక కరెంటు స్తంభం ఉంది. దానికి వేలాడే నల్ల కేబుళ్ళు ఒకరోజు ఊరికే లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి. ఏది ఎవరిదో తెంపేవాళ్ళకీ తెలియదు, అతికేవాళ్ళకీ తెలియదు. రోడ్డు తవ్వినా, చెట్టుకొమ్మలు కొట్టినా, వేలాడే కేబుళ్ళు తీసేసే డ్రైవ్ వచ్చినా ముందు పోయేది మా ఇంటి ఫైబరే. ఒకే నెలలో మూడుసార్లు తెగాక విసుగొచ్చి గాలి నెట్‌కి మారాను.

ఎయిర్‌ఫైబర్ అని అమ్ముతున్నది అదే. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్ దిల్లీ, ముంబైలలో మొదలుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబర్ 19న జియో బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో తెచ్చింది. పేరులో ఫైబర్ ఉంది గానీ ఇంట్లోకి ఫైబర్ రాదు. టవర్ నుంచి 5జీ సిగ్నల్ వస్తుంది. డాబా మీదో బాల్కనీ గోడకో బిగించిన పెట్టె దాన్ని పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి ఒక లాన్ కేబుల్ దిగి రౌటర్‌లోకి వెళ్తుంది.

ఫైబర్‌కి జబ్బు దాదాపు ఒకటే: ఉంటే ఉంటుంది, తెగితే పోతుంది. గాలి నెట్ అలా కాదు, ఉంటూనే ఏడిపిస్తుంది. అందుకే మనోళ్ళు చాలామంది మూడు నెలలకే "దండగ" అని పీకించేస్తున్నారు. తెలిసినవాళ్ళు పిలిస్తే వెళ్ళి చూశాను. ఎక్కువ ఇళ్ళలో తప్పు గాలిది కాదు, గదుల మధ్య గోడలది.

ముందు ఈ పరీక్ష చేయండి

వైఫై మీద స్పీడ్ టెస్ట్ కొట్టి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయకండి. లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలపండి. కేబుల్ లేకపోతే ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్‌లో బేరమాడి కొనుక్కోండి, ఇంట్లో ఒకటి ఉండాల్సిందే. రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి (రౌటర్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది) పింగ్ పెట్టండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే కమాండ్. రెండోదాంట్లో 8.8.8.8కి, అంటే బయట ఉన్న గూగుల్ సర్వర్‌కి పెట్టండి. పది నిమిషాలు వదిలేయండి. తర్వాత కేబుల్ పీకి, వైఫై మీద మళ్ళీ అదే చేయండి.

వైర్ మీద రౌటర్ పింగ్ ఒకటి రెండు మిల్లీసెకన్లలో నిలకడగా ఉండి, వైఫైకి రాగానే 5, 80, 12, 200 అని గెంతుతుంటే జబ్బు మీ ఇంట్లో ఉంది. వైర్ మీద కూడా రౌటర్ బాగానే పలుకుతూ 8.8.8.8 మాత్రం గెంతుతుంటే జబ్బు పెట్టెలోనో, టవర్‌లోనో, ఇంకా అవతలో ఉంది. ఇది తేలకుండా ఏ మార్పు చేసినా చీకట్లో బాణమే.

హాల్లో 200 ఎంబీపీఎస్ వస్తోంది, బెడ్‌రూంలో 15

ఇది వైఫై. ఫైబర్‌కి మారినా ఇదే ఉంటుంది, డబ్బులు దాచుకోండి.

పెట్టె బిగించే అబ్బాయి వైరు ఎక్కడ లోపలికి వస్తే అక్కడే రౌటర్ పెట్టి వెళ్ళిపోతాడు. అంటే బాల్కనీ మూల. కడుగోడిలో మా కొలీగ్ ఇంట్లో అది ఇనుప బీరువా వెనక, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన ఉంది! పదిహేను మీటర్ల లాన్ కేబుల్ వేసి హాలు మధ్యకి, అల్మారా మీదికి తెచ్చాం. అంతే, ఆ కేసు క్లోజ్. లాన్ కేబుల్ వంద మీటర్ల దాకా లాగినా స్పీడ్ తగ్గదు, కాబట్టి పొడవు గురించి భయం వద్దు.

అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మార్కెట్‌లా ఉంటుంది. పక్కింటివాళ్ళు, పైవాళ్ళు, కింద పీజీలో నలభై మంది, అందరూ అక్కడే. అందులో ఒకదానికొకటి తగలకుండా వాడదగ్గవి 1, 6, 11 ఛానళ్ళు మాత్రమే. ఫోన్లు, టీవీ, లాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేయండి. అది గోడలు దాటడంలో కాస్త బలహీనం, అందుకే రౌటర్ ఇంటి మధ్యలో ఉండాలంటున్నాను.

ఎన్నిసార్లు చూసినా 94 దాటడం లేదు

200 ప్లాన్ తీసుకుంటే స్పీడ్ టెస్ట్‌లో 93, 94 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోతుందా? అయితే సంతోషించండి, ఇది అన్నిటికన్నా తేలిక జబ్బు. లాన్ కేబుల్‌లో నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలుంటాయి. ఎనిమిదీ సరిగ్గా కలిస్తేనే గిగాబిట్ వస్తుంది. ఒక్కటి ఊడితే చాలాసార్లు పరికరాలు గొడవ పడకుండా వంద మెగాబిట్‌కి దిగిపోయి పనిచేస్తాయి. డేటాతో పాటు వెళ్ళే అడ్రసుల్లాంటి అదనపు బరువు పోను మనకి 94 కనిపిస్తుంది.

కేబుల్ చివర ఉండే క్లిప్‌ని వెలుతురులో పట్టుకుని చూడండి. పారదర్శకమైన ఆ ప్లాస్టిక్‌లోంచి రంగు రంగుల తీగలు చివరిదాకా వచ్చాయో లేదో కనిపిస్తుంది. మా ఇంట్లో గోధుమరంగు తీగ ఒకటి బంగారు పిన్ దాకా రాకుండా మిల్లీమీటర్ ముందే ఆగిపోయింది. వచ్చినబ్బాయి కొత్త క్లిప్ కొట్టి "ఇంతే అన్నా" అన్నాడు. అక్కడా బాగుంటే రౌటర్ పోర్టే వంద మెగాబిట్‌దేమో చూడండి. పాత లాప్‌టాప్‌లలోనూ అలాంటివి ఉన్నాయి.

డౌన్‌లోడ్ చేస్తుంటే 200 ప్లాన్‌లో 25 చూపిస్తోందని కంగారుపడేవాళ్ళు వేరే ఉన్నారు. అది మెగాబైట్లు, ప్లాన్ లెక్క మెగాబిట్లలో. ఎనిమిదితో గుణించండి, లెక్క సరిపోతుంది.

పగలు పరుగులు, రాత్రి తొమ్మిదికి పాకుడు

అసలైన గాలి నెట్ జబ్బు ఇదే, దీనికి పూర్తి మందు లేదు.

ఇంటి ఫైబర్ కూడా పంచుకునేదే. ఎక్కువ చోట్ల వాడే జీపాన్ అనే పద్ధతిలో ఒక తీగలోని 2.5 గిగాబిట్లని 32 లేదా 64 ఇళ్ళు పంచుకుంటాయి. కానీ ఆ ఇళ్ళెన్నో కంపెనీకి ముందే తెలుసు. టవర్ సంగతి అలా కాదు. మీ పెట్టె చూస్తున్న సెక్టార్‌లో, అంటే టవర్ ఒక దిక్కుకి సిగ్నల్ పంపే ముక్కలో, మీలాంటి ఇళ్ళతో పాటు దారిన పోయే ప్రతి ఫోనూ ఉంటుంది. మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర రాత్రి ఎనిమిదింటికి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ళు రీల్స్ చూస్తుంటారు. వాళ్ళదీ మీదీ ఒకే టవర్ కావచ్చు.

రద్దీయా, సిగ్నల్ లోపమా తేల్చాలంటే రౌటర్ పేజీలోనో కంపెనీ యాప్‌లోనో రెండు అంకెలు వెతకండి. ఆర్ఎస్ఆర్‌పీ అంటే సిగ్నల్ బలం. మైనస్ 80 దగ్గరుంటే బ్రహ్మాండం, మైనస్ 100 దాటి కిందికి పోతే నీరసం. ఎస్ఐఎన్ఆర్ అంటే చప్పుడులో మాట ఎంత స్పష్టంగా వినబడుతోందో చెప్పేది. 20 ఉంటే చాలా మంచిది, 5 లోపు ఉంటే కష్టమే. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి మూడు రోజులు రాసిపెట్టుకోండి. బలం మూడు పూటలా ఒకేలా ఉండి స్పీడ్ మాత్రం రాత్రి పడిపోతే అది రద్దీ.

అప్పుడు ఖరీదైన ప్లాన్‌కి మారమంటారు. మారకండి. రోడ్డు జామైనప్పుడు కారు మారిస్తే ముందుకు పోతామా? మీరు రాసుకున్న కాగితం చూపించి, పెట్టెని వేరే సెక్టార్‌కో వేరే టవర్‌కో తిప్పించమని అడగండి. ఊరికే "స్లో అవుతోంది" అంటే రీస్టార్ట్ చేయమంటారు, అంకెలు చెబితే టెక్నీషియన్ వస్తాడు. తిప్పినా మారకపోతే, మీ వీధిలో ఫైబర్ ఉంటే, మొహమాటం లేకుండా దానికి వెళ్ళిపోవడమే.

పెట్టినప్పుడు బాగుంది, ఇప్పుడు రోజురోజుకీ దిగజారుతోంది

పెట్టెకీ టవర్‌కీ మధ్య ఏదో లేచింది. ఈ ఊళ్ళో ఆ ఏదో సాధారణంగా బిల్డింగే.

మా ఎదురు సైట్‌లో పునాది తీసినప్పుడు నాకేం అనిపించలేదు. నాలుగో అంతస్తు స్లాబ్ పడిన వారం నుంచి నెట్ నత్తనడక. అంతకుముందు మైనస్ 82 ఉన్న ఆర్ఎస్ఆర్‌పీ మైనస్ 104కి పోయింది. ఈ కొలతలో మూడు తగ్గితే బలం సగమైనట్టు. 22 తగ్గిందంటే వంద వంతుల్లో ఒక వంతు కూడా మిగల్లేదు. పెట్టెని బాల్కనీ నుంచి డాబా మీదికి మార్చాలి. ఓనర్ ఆంటీని అడిగితే, "గోడకి ఇంకో రంధ్రం పడితే అడ్వాన్స్‌లో పట్టుకుంటాను బాబూ" అంది. రంధ్రం లేకుండా నీళ్ళ పైపుకి క్లాంపు బిగించి పెట్టించాం. అక్కడా మొదట మైనస్ 97 దాటలేదు, ఎందుకంటే ఎదురుగా సోలార్ హీటర్ ఇనుప డ్రమ్ము. రెండడుగులు పక్కకి జరిపితే మైనస్ 86. ఆ రెండడుగుల కోసం ఇద్దరం గంటసేపు ఎండలో తిరిగాం.

ఏం కట్టకపోయినా చెట్టు చిగురించి ఉండొచ్చు, గాలికి పెట్టె తిరిగిపోయి ఉండొచ్చు. కోతులు తిరిగే ఏరియా అయితే చెప్పక్కర్లేదు. కిటికీ లోపల పెట్టిన పెట్టెలకి ఇంకో శత్రువు, వేడి ఆపడానికి లోహపు పూత వేసిన అద్దం. చూపుకి అడ్డం కాదు గానీ సిగ్నల్‌కి గోడే.

వాళ్ళు నాకు వినిపిస్తున్నారు, నా గొంతే తెగిపోతోంది

డౌన్‌లోడ్ బాగుంది, వీడియోలు ఆగడం లేదు, కానీ మీటింగ్‌లో మేనేజర్ "యూ ఆర్ బ్రేకింగ్" అంటాడు. ఇది అప్‌లోడ్ సమస్య. టవర్ మీతో పెద్ద గొంతుతో మాట్లాడుతుంది. మీ పెట్టె తిరిగి పలికేది చాలా తక్కువ పవర్‌తో. పైగా మనకి వచ్చే 5జీలో రాకకీ పోకకీ ఎక్కువగా ఒకే దారి, సమయాన్ని పంచుకుంటాయి, ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌కే ఇస్తారు. ఫైబర్ ప్లాన్లలో రెండు వైపులా సమానంగా ఇచ్చేవి చాలా ఉన్నాయి. కేబుల్ టీవీ తీగ మీద వచ్చే నెట్‌కీ, పాత టెలిఫోన్ రాగి తీగ నెట్‌కీ అప్‌లోడ్ బలహీనతే.

అయినా ఒక వీడియో కాల్‌కి అప్‌లోడ్ నాలుగు ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. మరి ఎందుకు తెగుతోంది? ఇంట్లో ఎవరిదో ఫోన్ చార్జింగ్‌కి పెట్టగానే ఊళ్ళో పెళ్ళి వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తుంటుంది. సన్నని అప్‌లోడ్ దారి నిండిపోయి మీ మాట క్యూలో నిలబడుతుంది. ఫొటో బ్యాకప్‌ని రాత్రికి పెట్టండి. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పరికరం డేటా ముందు వెళ్ళాలో చెప్పే సెట్టింగ్) ఉంటే మీ ఆఫీసు లాప్‌టాప్‌కి మొదటి స్థానం ఇవ్వండి. మీటింగ్ ఉన్నంతసేపు వైర్ మీద ఉండండి.

గేమ్స్ ఆడే పిల్లలకి కావాల్సింది స్పీడ్ కాదు, పింగ్. దగ్గరి సర్వర్‌కి ఫైబర్‌లో పది మిల్లీసెకన్ల అటూ ఇటూ వస్తే, 5జీ గాలి నెట్‌లో ఇరవై నుంచి నలభై మామూలు. ఆ ఎక్కువ కన్నా అది ఊగడమే ఇబ్బంది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున్న పాతకాలపు శాటిలైట్ నెట్‌లో అయితే మాట వెళ్ళి రావడానికే అర సెకను పైన పడుతుంది.

వాన పడగానే పోతోంది

టవర్ మామూలుగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌ని వాన పెద్దగా ఆపలేదు. 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అయితే భారీ వానకి తగ్గుతుంది. కాబట్టి వానలో పోయిందంటే ముందు పెట్టె కింద క్లిప్ దగ్గర నీళ్ళు దిగాయేమో చూడండి. వాన ఆగాక కూడా గంటల తరబడి రాకపోతే దాదాపు అదే. కేబుల్‌ని పెట్టెలోకి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు తిప్పి బిగిస్తే నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. వానకి ఏరియా మొత్తం కరెంటు పోయి టవర్ బ్యాటరీ అయిపోయినా ఇంతే, దానికి మన చేతిలో ఏం లేదు.

కరెంటు పోయింది, యూపీఎస్ ఉంది, అయినా నెట్ లేదు

రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొని పెట్టుకున్నారు. వైఫై గుర్తు కనిపిస్తోంది, నెట్ మాత్రం లేదు. ఎందుకంటే బయటి పెట్టెకి కరెంటు లాన్ కేబుల్ లోంచే పోతుంది, చాలా మోడళ్ళలో దానికి వేరే అడాప్టర్ ఉంటుంది. మీరు యూపీఎస్ పెట్టింది ఒకదానికే. ఆ రెండో అడాప్టర్‌ని ఇన్వర్టర్ లైన్‌లో ఉన్న ప్లగ్‌కి మార్చండి.

ఊళ్ళో నుంచి కెమెరా తెరుచుకోవడం లేదు

మదనపల్లెకి పోయి ఇక్కడి ఇంటి సీసీ కెమెరా చూద్దామంటే రాదు. బయటి నుంచి వచ్చేదాన్ని కెమెరాకి పంపే రౌటర్ సెట్టింగ్, పోర్ట్ ఫార్వర్డింగ్, సరిగ్గానే పెట్టారు. రౌటర్ పేజీలో బయటి ఐపీ అడ్రస్ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీరూ ఇంకా ఎందరో ఒకే పబ్లిక్ అడ్రస్ పంచుకుంటున్నట్టు. బయటివాళ్ళు మీ తలుపు కొట్టే దారి లేదు. కొన్ని ఫైబర్ కంపెనీలదీ ఇదే పద్ధతి. క్లౌడ్ యాప్‌తో నడిచే కెమెరా వాడండి, లేదా ఐపీవీ6తో (కొత్త రకం, పంచుకోనక్కర్లేని అడ్రస్) ప్రయత్నించండి, లేదా కంపెనీ స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని అడ్రస్) అమ్ముతుందేమో అడగండి. ఆఫీసు వీపీఎన్ కనెక్ట్ అయ్యి కొన్ని పేజీలే తెరుచుకోకపోతే అది వేరే సంగతి, ఎంటీయూని (ఒక్కో డేటా పొట్లం గరిష్ఠ సైజు) 1400కి తగ్గించమని ఐటీ వాళ్ళని అడగండి.

నెల చివర ఒక్కసారిగా ప్రాణం పోయింది

డేటా పరిమితి దాటారు. గాలి నెట్ ప్లాన్లలో నెలకి 1000 జీబీ మామూలు, చాలా ఫైబర్ ప్లాన్లలో 3300 దాకా ఇస్తారు. ఇంట్లో ఇద్దరు వర్క్ ఫ్రమ్ హోమ్, ఒక 4కే టీవీ ఉంటే వెయ్యి నిండటం కష్టమేమీ కాదు. యాప్‌లో వాడకం చూసుకోండి. టీవీలో క్వాలిటీని ఆటో నుంచి 1080కి దించండి, మా ఇంట్లో తేడా ఎవరూ కనిపెట్టలేదు.