తూటా అడ్డంగా తగలడం ఎలా ఆగిందంటే (నా అనుభవం)

టెక్సాస్‌లో ఉంటాను, నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత .223 (తూటా సైజు) బోల్ట్ రైఫిల్, అంటే తూటాని లోపలికి తోసి మూసే బోల్ట్‌ని చేత్తో లాగేది. 75 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటాలు కాలిస్తే 100 గజాల దగ్గర కాగితం మీద గుండ్రటి చిల్లుకు బదులు పొడుగాటి చీలిక పడేది. స్కోప్ బిగించాను, బ్యారెల్ శుభ్రం చేశాను, తూటాల బ్రాండ్ మార్చాను, ఏదీ కలిసిరాలేదు.

చివరికి ట్విస్ట్ కొలిచాను, అంటే తూటాను తిప్పే బ్యారెల్ లోపలి మెలి గాళ్లు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో. ఆ తిప్పుడు చాలకపోతే తూటా నిలకడ తప్పి అడ్డం తిరుగుతుంది. ముందు రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని బోల్ట్ తీసేశాను. పిడిలో తేలిగ్గా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి గుడ్డముక్క బిగుతుగా చుట్టి, కొంచెం లోపలికి తోశాక రాడ్ పైవైపు మార్కర్‌తో చుక్క పెట్టాను. మెల్లగా తోస్తుంటే రాడ్ తనే తిరుగుతుంది, ఆ చుక్క ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో అదే ట్విస్ట్. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ 12 దగ్గరే. 75 గ్రెయిన్లకైతే సుమారు 8 అంగుళాలకో చుట్టు కావాలి! 55 గ్రెయిన్లకి మారగానే చిల్లులన్నీ గుండ్రంగా, దగ్గరదగ్గరగా పడ్డాయి, ఆ కాగితం ఇంకా దాచుకున్నాను.

మీకూ ఇదే పనిచేస్తుందని గట్టిగా చెప్పలేను. అసలు లెక్క బరువుది కాదు, తూటా పొడవుది. సీసం లేని రాగి తూటాలు అదే బరువుకి పొడుగ్గా ఉంటాయి, వాటిని నేను ఇందులో కాల్చి చూడలేదు.