కిప్పర్‌ని ముళ్ళ భయం లేకుండా తినడం ఎలా

బ్రిటన్‌లో సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో ఏ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లోనో దిగితే, పొద్దున్న మెనూలో బేకన్, సాసేజ్‌లు, గుడ్ల కింద ఎక్కడో ఒక మూల కిప్పర్స్ అని రాసి ఉంటుంది. చాలామంది అది చూసి కూడా వదిలేస్తారు, పొద్దున్నే చేపేంటి అనిపిస్తుంది, పైగా ముళ్ళంటే టెన్షన్. నేను మొదటిసారి తెప్పించుకున్నప్పుడు ఫోర్కు తీసుకుని సరిగ్గా మధ్యలో పొడిచాను, వెంట్రుకల్లాంటి ముళ్ళన్నీ నోట్లోకి వచ్చాయి, సగం ప్లేట్లోనే వదిలేసి లేచాను. తర్వాత తెలిసింది, నేను దాన్ని తప్పు వైపు నుంచి మొదలుపెట్టానని. ఆ ఒక్క విషయం తెలిస్తే ఇంత మంచి బ్రేక్‌ఫాస్ట్ ఇంకోటి లేదు, నిజంగా.

కిప్పర్ అంటే పొగబెట్టిన హెర్రింగ్. కొవ్వు బాగా ఉండే ఈ సముద్రపు చేపని వీపు వైపు నుంచి తల మొదలు తోక దాకా చీల్చి, పేగులు తీసేసి, పుస్తకం తెరిచినట్టు పరిచి, ఉప్పునీళ్ళలో కాసేపు ఊరనిచ్చి, ఆ తర్వాత వేలాడదీసి ఓక్ చెక్కపొట్టు పొగలో గంటలకొద్దీ ఉంచుతారు. ఎండుచేపలా గట్టిగా ఉండదు, మెత్తగా, నూనెనూనెగా ఉంటుంది. ఆ పొగలో వేడి తక్కువ కాబట్టి చేప ఉడకదు, అందుకే తెచ్చాక మనం వేడి మీద వండుకోవాలి. స్కాట్లాండ్‌లో దొరికే ఆర్‌బ్రోత్ స్మోకీ సంగతి వేరు, అది హాడక్ చేప, రెండేసి తోకలు కలిపి కట్టి వేడి పొగలోనే ఉడికిస్తారు, కాబట్టి దాన్ని అలాగే తినేయొచ్చు. ఈ రెంటినీ కలిపేసుకోకండి.

కొనేటప్పుడు వీలైతే ముక్కలు కాకుండా ముల్లుతో ఉన్న చేప మొత్తం తీసుకోండి. సూపర్‌మార్కెట్లో వెన్నతో పాటు ప్యాకెట్‌లో పెట్టి అమ్మే ఫిల్లెట్లు (వెన్నుముల్లు తీసేసిన ముక్కలు) సులువే కానీ, ముల్లుతో వండిన చేపకి ఉండే రుచి, తడి వాటికి రాదు. రంగు కూడా చూడండి. పొగ వల్ల వచ్చిన రంగు లేత బంగారు గోధుమ రంగులో, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా ఉంటుంది, ముదురు ఎరుపు గోధుమ రంగులో అంతా ఒకేలా మెరుస్తుంటే రంగు కలిపారేమో అని లేబుల్ చదవడం మంచిది. నార్తంబర్‌ల్యాండ్‌లో క్రాస్టర్, యార్క్‌షైర్‌లో విట్బీ, ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పీల్, ఈ మూడు ఊళ్ళూ కిప్పర్లకి పేరున్నవే. క్రాస్టర్ చాలా చిన్న ఊరు, వీధిలోకి వెళ్ళేసరికే పొగ వాసన తగులుతుంది.

వండడానికి నాకు నచ్చిన పద్ధతి జగ్గుది. ఎత్తుగా ఉండే, వేడికి పగలని జగ్గు ఒకటి తీసుకుని, కిప్పర్‌ని తల కిందకి, తోక పైకి వచ్చేలా నిలబెట్టి, మరుగుతున్న నీళ్ళు చేప మునిగేదాకా పోసి, పైన ప్లేటు మూసేయండి. ఆరు నుంచి పది నిమిషాలు, చేప సైజుని బట్టి. తోక పట్టుకుని తీసి, నీళ్ళు కారనిచ్చి, పొడి గుడ్డ మీద అద్ది, వేడి ప్లేట్లో పెట్టి పైన చిన్న వెన్న ముక్క వేస్తే అయిపోయింది. దీనివల్ల ఉప్పు కొంచెం తగ్గుతుంది, ఇంకో లాభం ఏంటంటే ఇల్లంతా వాసన పట్టదు. అంచులు కాస్త కాలి, పొగ రుచి గట్టిగా తగలాలి అనుకునేవాళ్ళు పైనుంచి వేడి తగిలే గ్రిల్ కింద నాలుగైదు నిమిషాలు పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు కిటికీ తెరిచి పెట్టండి, కర్టెన్లకి పట్టిన ఆ వాసన మర్నాటిదాకా పోదు. ఎలా వండినా అదనంగా ఉప్పు మాత్రం వేయకండి.

ఇక తినడం. చాలాచోట్ల ప్లేటు మీదకి లోపలి వైపు పైకి పెట్టి ఇస్తారు, చూడ్డానికి అదే బాగుంటుంది, కానీ వెన్నుముల్లు, పక్కముళ్ళు అన్నీ ఉండేది ఆ వైపే. కాబట్టి మొదట చేయాల్సింది చేపని తిరగేయడం. తోలు పైకి రావాలి. తల దగ్గర తోలు అంచు కిందకి కత్తి మొన దూర్చి మెల్లగా ఎత్తితే, బాగా ఉడికిన కిప్పర్‌కి తోలు కాగితంలా ఊడి వస్తుంది (రాకపోతే ఇంకో నిమిషం వేడి కావాలన్నమాట). ఇప్పుడు మీ ముందున్నది మాంసం, దాని కింద ముళ్ళు. ఫోర్కుని నిలువుగా గుచ్చకుండా పడుకోబెట్టినట్టు పట్టుకుని, మందంగా ఉండే బయటి అంచుల నుంచి మొదలుపెట్టి, ముళ్ళు సాగిన దిశలోనే మాంసాన్ని పొరలు పొరలుగా ఎత్తండి. ముళ్ళు చాలావరకు కిందే ఉండిపోతాయి. కంగారుగా తింటే కుదరదు, ఒక చేపకి పదిహేను నిమిషాలైనా పెట్టుకోండి. ఎంత జాగ్రత్తగా తీసినా సన్నటివి ఒకటీ అరా వస్తాయి, అవి మెత్తగానే ఉంటాయి, బ్రెడ్ ముక్కతో కలిపి బాగా నమిలేయొచ్చు. చిన్నపిల్లలకి పెట్టేటప్పుడు మాత్రం ప్రతి ముద్దా వేళ్ళతో నలిపి చూసి పెట్టండి.

పక్కన వెన్న రాసిన బ్రౌన్ బ్రెడ్, నిమ్మ ముక్క, గట్టి టీ. ఇంతే చాలు. నిమ్మరసం ఆ కొవ్వుని విరుస్తుంది కాబట్టి అది మానకండి. కావాలంటే పోచ్డ్ ఎగ్ (పెంకు పగలగొట్టి వేడి నీళ్ళలో వదిలి ఉడికించిన గుడ్డు) పెట్టుకోవచ్చు, కిప్పర్ అయ్యాక టోస్ట్ మీద మార్మలేడ్ (నారింజ తొక్కలతో చేసే జామ్) తినేవాళ్ళూ ఉన్నారు, ఉప్పూ పొగ తర్వాత ఆ చేదు తీపి చాలా బాగుంటుంది. బేకన్, సాసేజ్‌లతో పాటు ఒకే ప్లేట్లో మాత్రం వద్దు, రుచులు ఒకదాన్నొకటి చంపేస్తాయి.

ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు రోజూ తినే వంట కాదు ఇది. గర్భిణులు అయితే లోపలిదాకా పొగలు వచ్చేంత వేడిగా ఉడికిందని చూసుకునే తినాలి.

ముళ్ళంటే అసలు పడనివాళ్ళు పొగబెట్టిన హాడక్ ఫిల్లెట్‌తో మొదలుపెట్టండి. పాలల్లో సన్నటి మంట మీద ఎనిమిది పది నిమిషాలు ఉడికించి పైన పోచ్డ్ ఎగ్ పెడతారు. అదే హాడక్‌తో కెడ్జరీ కూడా చేస్తారు, అన్నం, ఉడికించిన గుడ్డు, కర్రీ పౌడర్ కలిపి. పేరు చూస్తేనే తెలుస్తుంది కదా, మన దేశపు కిచిడీయే అది, ఇక్కడ పనిచేసి వెళ్ళిన ఇంగ్లీషువాళ్ళతో పాటు విక్టోరియా కాలంలో బ్రిటన్ బ్రేక్‌ఫాస్ట్ బల్ల మీదకి చేరింది.

కిప్పర్ సగం మిగిలిపోతే పారేయకండి. ముళ్ళు ఏరేసి, మెత్తటి వెన్న, నిమ్మరసం, చిటికెడు కారం వేసి మెదిపి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు పొద్దున్న వేడి టోస్ట్ మీద రాసుకోవడానికి పనికొస్తుంది.