ఆన్‌లైన్ దాంపత్య కౌన్సెలింగ్‌కు ముందు జాగ్రత్తలు

• ఎదుట కూర్చునేది ఎవరో ముందు తెలుసుకోండి. ‘కౌన్సెలర్’ అని పేరు పక్కన రాసుకోవడం ఎవరికైనా తేలికే. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారికి మాత్రం భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉండాలి. అడగండి. విసుక్కుంటే వేరొకరిని చూసుకోవడమే మేలు.

• ఇంట్లో చెయ్యి చేసుకోవడం, బెదిరింపులు ఉంటే ఇద్దరూ కలిసి కూర్చునే సెషన్ వద్దు. అక్కడ నోరు విప్పినందుకు ఫోను పెట్టేశాక దెబ్బలు తినాల్సి రావచ్చు. విడిగా, సురక్షితమైన చోటు నుంచి మాట్లాడండి. మహిళల హెల్ప్‌లైన్ 181, ప్రాణభయం ఉంటే 112.

• చోటు చూసుకోండి. హాల్లో అత్తగారు సీరియల్ చూస్తుంటే పక్కగదిలో గుట్టు విప్పడం కష్టం. ఇయర్‌ఫోన్లు అవతలివారి మాటను దాస్తాయే గాని మీ గొంతును దాచవు. ఆపి ఉంచిన కారులో కూర్చుని మాట్లాడినా నామోషీ ఏమీ లేదు. పిల్లలు బడికెళ్లిన వేళ అయితే మరీ మంచిది.

• ఒకరు గుంటూరులో, ఒకరు డల్లాస్‌లో ఉంటే, నవంబరులో అక్కడి గడియారం గంట వెనక్కి జరుగుతుందని మరవకండి. అమెరికాలో థెరపిస్టుల లైసెన్సు రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఇక్కడున్న మనిషిని చూడగలరో లేదో ముందే అడగాలి.

• విడిగా చెప్పిన రహస్యం భాగస్వామికి చేరుతుందా, సెషన్ రికార్డు చేస్తారా, రద్దు చేసుకుంటే ఫీజు తిరిగి ఇస్తారా? డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

• ఫీజు భారమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.