డెల్టా వేదికలపై ట్యూబ్ యాంప్: డిస్టార్షన్ పెంచే ముందు జాగ్రత్తలు

వినాయక చవితి పందిళ్లతో మొదలై, దసరా, క్రిస్మస్ ఆరాధనల మీదుగా సంక్రాంతి తీర్థాల దాకా గోదావరి డెల్టాలో వేదికల కాలం నడుస్తుంది. అందులో సగం వానలూ తుఫానులూ, మిగిలిన సగం మంచు. వేదిక ఏదైనా కరెంటు మాత్రం చాలాచోట్ల జనరేటరుదే. ఎలక్ట్రిక్ గిటారు ధ్వనిని పెంచే ట్యూబ్ యాంప్‌లో డిస్టార్షన్ (ధ్వని పగిలినట్టు గరుకుగా మారడం) అంటే వాల్వును, అంటే ట్యూబును, దాని హద్దు దాకా తోయడమే కనుక, కరెంటులో గానీ తీగల్లో గానీ లోపం ఉంటే అది ముందు ధ్వనిలోనూ, తరువాత యంత్రంలోనూ బయటపడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన నియమం, స్పీకరు తగిలించకుండా ట్యూబ్ యాంప్‌ను మోగించకూడదన్నది. వాల్వుల శక్తి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా స్పీకరుకు చేరాలి. ఆ దారి లేనప్పుడు చుట్లలో వోల్టేజి విపరీతంగా పెరిగి ఇన్సులేషన్‌ను కాల్చివేయగలదు. సౌండ్ సిస్టమ్ వారు యాంప్ నుంచి నేరుగా లైన్ తీసుకుంటామన్నా క్యాబినెట్‌ను (స్పీకరు పెట్టెను) ఊడదీయనివ్వకండి. దాని ముందు మైకు పెట్టించుకోవడమే మేలు. 16 ఓమ్‌ల క్యాబినెట్లు రెండింటిని సమాంతరంగా కలిపితే 8 ఓమ్‌లు అవుతాయి కాబట్టి, యాంప్ వెనుక ఉన్న ఓమ్‌ల స్విచ్చును ఆ అంకె మీదనే ఉంచాలి. గిటారు కేబులును స్పీకరు కేబులుగా వాడరాదు.

మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యాంప్ 120 వోల్టులదైతే తగిన సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. జనరేటరు వోల్టేజి 253కు ఎగబాకితే, 6.3 వోల్టులు అందవలసిన వాల్వు హీటరుకు 6.9 వోల్టులు అందుతాయి. వాల్వుల ఆయుష్షు తరుగుతుంది. వోల్టేజి పడిపోయినప్పుడు ధ్వని మెత్తబడి, బేస్ పలచబడుతుంది, గిటారిస్టేమో తెలియక గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెంచుతాడు. అందుచేత ముందుగా మల్టీమీటరుతో కొలిపించి, వీలైతే స్టెబిలైజరు మీదనే నడపండి. ధ్వని సరిచూసుకోవడం కూడా లైట్లన్నీ వెలిగించిన తరువాత, అదే జనరేటరు మీద జరగాలి.

హమ్ (గుయ్‌మనే రొద) వస్తోందని ఎర్త్ పిన్ను తీసివేసే అలవాటు ప్రాణాంతకమైనది. గిటారు తీగలను చేత్తో పట్టుకుని, తడినేల మీద నిలబడి, వేరే ఎర్తింగు ఉన్న మైకుకు పెదవులు ఆనించిన గాయకుడి ఒంటిగుండా కరెంటు ప్రవహించగలదు. పాట మొదలుకాకముందే తీగలకూ మైకు జాలీకీ మధ్య వోల్టేజి కొలిపించండి. చెప్పుకోదగినంత కనబడితే ఎర్తింగు సరిచేసేదాకా వాయించవద్దు. ఈ విషయంలో నిర్వాహకుల తొందరకు లొంగనవసరం లేదు.

అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి జాకులు, వాల్వు సాకెట్లు తుప్పు పడతాయి. చిటపటలాడే డిస్టార్షన్‌కు చాలాసార్లు కారణం అదే. ఏసీ కారులోంచి దించిన యాంప్ మీద చెమ్మ చేరుతుంది గనుక, అది పూర్తిగా ఆరేదాకా ఆగి ఆన్ చేయాలి.

ఇక ధ్వని సంగతి. యాంప్ మొదటి దశలోని 12ఏఎక్స్7 ప్రీయాంప్ వాల్వుల నుంచి వచ్చే డిస్టార్షన్ తక్కువ శబ్దంలోనే దొరుకుతుంది గాని కొంత గరుకుగా ఉంటుంది. స్పీకరుకు శక్తినిచ్చే చివరి దశలోని ఈఎల్34, 6ఎల్6 వంటి పవర్ వాల్వులు హద్దు తాకినప్పుడు వచ్చేది వేళ్ల ఒత్తిడికి స్పందించే నిండైన ధ్వని, కానీ దానికి మాస్టరు వాల్యూమ్ బాగా పెంచాలి. సౌండ్ సిస్టమ్ ఉన్న వేదికకు 100 వాట్ల యాంప్ అనవసరమని నా నిశ్చితాభిప్రాయం. 50 వాట్లకు దిగినా తగ్గేది 3 డెసిబెల్సే. ఈఎల్84 వాల్వులు రెండున్న 15, 20 వాట్ల యాంప్ అయితే పవర్ వాల్వులను నిజంగా పనిచేయిస్తుంది.

ఇంట్లో బాగుందనిపించిన గెయిన్‌ను వేదిక మీద కొంత తగ్గించండి. గెయిన్ ఎక్కువయ్యేకొద్దీ స్వరాల మొదలు అణగిపోయి, కీబోర్డు, ప్యాడ్ల నడుమ గిటారు వినబడకుండా పోతుంది. మిడ్ (మధ్యస్థాయి ధ్వని) తగ్గించవద్దు. డిస్టార్షన్‌కు ముందే బేస్ కొంత కోస్తే బరువైన తీగలు ముద్దకట్టవు; డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ పెట్టిన ఓవర్‌డ్రైవ్ పెడల్ ఆ పని చక్కగా చేస్తుంది. డిలే, రివర్బ్ వంటి ప్రతిధ్వని పెడళ్లను యాంప్ వెనుక, ప్రీయాంప్ తరువాత కలిసే ఎఫెక్ట్స్ లూప్‌లో పెడితే, అవి డిస్టార్షన్‌లో పడి నలగకుండా స్పష్టంగా నిలుస్తాయి. తేటదనం కావలసిన చరణంలో గిటారు మీది వాల్యూమ్ తగ్గిస్తే చాలు.

క్యాబినెట్‌ను కుర్చీ మీద వాలుగా, చెవి ఎత్తుకు పెట్టండి. నేల మీద ఉంటే పైస్థాయి ధ్వని మోకాళ్ల వైపు పోతుంది, వాయించేవారు ట్రెబుల్ పెంచుతారు, ఎదురుగా ఉన్న జనం బాధపడతారు. 100 డెసిబెల్స్ దగ్గర రోజుకు 15 నిమిషాలే సురక్షితమని అమెరికా సంస్థ నియోష్ చెబుతుంది. చెవి ప్లగ్గులు వాడటంలో నామోషీ లేదు.

వాయిస్తుండగా పవర్ వాల్వు లోపలి లోహపు పలక ఎర్రబడితే వెంటనే ఆపివేయండి. ఫ్యూజు పోతే అదే అంకె గలది వేయాలి తప్ప తీగముక్క చుట్టరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి గనుక, బయాస్ (పవర్ వాల్వుల్లో నిలకడగా పారే కరెంటు) సరిచేయడం వంటి పనులు తెలిసిన మెకానిక్కే చేయాలి. కార్యక్రమం అయ్యాక వాల్వులు చల్లారేదాకా యాంప్‌ను కదపకండి. వేడిమీద ఉన్న వాల్వు ఆటో కుదుపులకు తట్టుకోదు.